సెలవు రోజున పార్కు నడపండి: వరంగల్ నగర అధికారులకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, కాజీపేట పార్కుల నిర్వహణ చూసే అధికారులకు, మా డివిజన్ల ప్రజాప్రతినిధులకు,

నమస్కారం.

దసరా సెలవులు అయిపోయాయి. దీపావళి, ఆ వెంటనే కార్తీకం వస్తున్నాయి. మూడు ఊళ్ల జనం మళ్లీ పిల్లల్ని, పెద్దవాళ్లని వెంటబెట్టుకుని పార్కులకు బయలుదేరే రోజులివి. సరిగ్గా ఆ రోజుల్లోనే మన పార్కులు ఎందుకు పనిచేయడం లేదని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. ముందు అర్జీ ఇచ్చాం. ముద్ర వేసిన రసీదు ఇచ్చారు. ఫోన్లో ఫిర్యాదు పెట్టాం. కొన్నాళ్లకు 'పరిష్కారమైంది' అని మెసేజ్ వచ్చింది. వెళ్లి చూస్తే తాళం అట్లాగే ఉంది. మళ్లీ అడిగితే పైనుంచి ఆర్డర్ రావాలన్నారు. ఆ పైన ఎవరిని కలవాలో మాత్రం చెప్పలేదు. అందుకే అందరూ చదివేలా రాయాల్సి వచ్చింది.

నేను వరంగల్‌లో ఒక విత్తనాల దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగిని. ఆదివారం, పెద్ద పండుగలు తప్ప మాకు సెలవు లేదు. మా వాడలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది పరిస్థితి ఇంతే. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీలున్నారు, బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు, బట్టల షాపుల్లో పొద్దంతా నిలబడి పనిచేసే అమ్మాయిలున్నారు, ఆటో నడిపేవాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు ఉన్నారు. పొద్దున అయిదింటికి వాకింగ్ ట్రాక్ మీద నడిచే తీరిక వీళ్లకు దొరకదు. వీళ్లు పార్కు చూసేది సెలవు రోజునే, అదీ వంట, ఇంటి పని ముగిశాకే. వాకింగ్‌కు వచ్చేవాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. పొద్దుటి పూట పార్కు చక్కగానే ఉంటుంది. ఊడ్చి ఉంటుంది, నల్లా వస్తుంది, వాచ్‌మన్ గేటు దగ్గర ఉంటాడు. సెలవు రోజు పదకొండు దాటాక ఒక్కసారి వచ్చి చూడండి.

మనకు పార్కులు లేవని, డబ్బు రాలేదని నేను అనడం లేదు. భద్రకాళి గుడి దగ్గర 1995 నుంచి మ్యూజికల్ గార్డెన్ ఉంది. హంటర్ రోడ్డులో వన విజ్ఞాన కేంద్రం ఉంది, దాన్ని మనమంతా జూ పార్కు అనే పిలుస్తాం. బాలసముద్రంలో ఏకశిల పార్కు, హనుమకొండలో నేరెళ్ల వేణుమాధవ్ పేరిట కళాప్రాంగణం ఉన్న పబ్లిక్ గార్డెన్, భద్రకాళి చెరువు కట్ట, కోటలో కీర్తి తోరణాల చుట్టూ పచ్చిక ఉన్నాయి. 2015లో వారసత్వ నగరాల కోసం కేంద్రం తెచ్చిన హృదయ్ పథకానికి దేశంలో ఎంపికైన 12 నగరాల్లో వరంగల్ ఒకటి. 2016లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరింది. పట్టణాల్లో సౌకర్యాల కోసం కేంద్రం పెట్టిన అమృత్ పథకంలో పార్కులకని విడిగా కొంత వాటా పెట్టారు. ఇన్ని పథకాలతో కట్టినవాటిని జనం వచ్చే రోజున నడపాలని అడుగుతున్నాను, అంతే.

కింద రాసినవి మా వాడకు దగ్గర్లో ఉన్న పార్కుల్లో నేను చూసినవి, ఇరుగుపొరుగువాళ్లు చెప్పినవి. పార్కు పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే ఆ ఒక్కచోట సున్నం వేసి, పని అయిపోయిందని ఫైలు మూసేస్తారని నా భయం.

1. మరుగుదొడ్డికి తాళం. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే. సెలవు రోజు శుభ్రం చేసే మనిషి రాడు, అందుకని తాళం వేస్తున్నాం అని చెప్పారు. తాళం వేస్తే గది శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ ఆ రోజు వచ్చిన వందల మంది ఎక్కడికి వెళ్లాలి? మగవాళ్లు ఏ గోడ చాటుకో వెళ్తారు. దాంతో ఆ గోడ పక్కన ఇంకెవరూ కూర్చోలేరు. ఆడవాళ్లకు ఆ దారీ లేదు. మా పక్కింటి పెద్దావిడకు షుగర్ ఉంది. మనవలతో సరదాగా గడుపుదామని వచ్చి, అరగంటకే ఇబ్బందిపడింది. కోడలు ఆమెను ఆటోలో ఎక్కించుకుని పెట్రోల్ బంకు దాకా తీసుకెళ్లింది. మళ్లీ పార్కుకు రాలేదు, అటునుంచి అటే ఇంటికి వెళ్లిపోయారు. మా వాడ ఆడవాళ్లు ఇప్పుడు పార్కుకు వచ్చేరోజు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం తగ్గిస్తున్నారు. ఎండలో నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకుని నాలుగు గంటలు ఉంటే ఏమవుతుందో ఏ డాక్టరును అడిగినా చెబుతారు. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్, గర్భిణులకైతే ఇంకా ప్రమాదం. నెలసరిలో ఉన్న ఆడపిల్లలు అసలు రామంటున్నారు. చంటిపిల్లల తల్లులకు పాలిచ్చుకోవడానికి నాలుగు గోడల చాటు లేదు. 2024 చివర్లో పూడిక తీయడానికి భద్రకాళి చెరువునే ఖాళీ చేయించిన యంత్రాంగం మనది. అంత పని తలకెత్తుకోగలిగినవాళ్లకు సెలవు రోజున ఒక మనిషిని డ్యూటీలో పెట్టడం కష్టమని నేను నమ్మను.

2. మధ్యాహ్నం మూసే గేటు. పొద్దున తొమ్మిది, పది దాకా తెరిచి, మళ్లీ సాయంత్రం నాలుగింటికి తీసే పద్ధతి వాకింగ్ చేసేవాళ్ల కోసం పెట్టింది. పనిదినాల్లో సరే. పండుగ రోజుల్లోనూ అదే టైమ్ పెడితే నర్సంపేట, పరకాల, ములుగు, జనగామ నుంచి వచ్చిన కుటుంబాలు గేటు బయట ఫుట్‌పాత్ మీద కూర్చుంటున్నాయి. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆడవాళ్లు బస్సులో టికెట్ లేకుండా వస్తున్నారు. చాలామంది ఊళ్ల నుంచి పిల్లలకు వెయ్యి స్తంభాల గుడి, కోట చూపించి, కాసేపు పార్కులో కూర్చోబెట్టి, చీకటి పడకముందే తిరుగు బస్సు ఎక్కాలనుకుంటారు. వాళ్ల బస్సు బయలుదేరే వేళకు మన గేటు తెరుచుకుంటోంది. ప్రభుత్వం వాళ్లను నగరం దాకా ఉచితంగా తీసుకొచ్చింది. మిగిలిన పని మన నగరానిది.

3. తాగునీళ్లు. ట్యాంకు ఉంది, నల్లాలు ఉన్నాయి, సెలవు రోజు మోటారు వేసే మనిషి లేడు. బయట లీటరు సీసా ఇరవై రూపాయలు. అయిదుగురున్న ఇంటికి మధ్యాహ్నానికి మూడు నాలుగు సీసాలు కావాలి. ఆ ఖాళీ సీసాలన్నీ చివరికి పార్కు గడ్డిలోనే పడుతున్నాయి, వాటిని ఏరాల్సింది మళ్లీ మీ కార్మికులే.

4. టిఫిన్ బాక్సు మీద నిషేధం. కొన్నిచోట్ల గేటు దగ్గర సంచులు వెతికి, ఇంటి నుంచి తెచ్చిన తిండిని బయట పెట్టమంటున్నారు. లోపల క్యాంటీన్ ఉంది, అక్కడ కొనుక్కోవాలట. ఈ ఒక్క నియమం చాలు, పేదవాళ్లు మళ్లీ పార్కు మొహం చూడకుండా చేయడానికి. మన దగ్గర సెలవు రోజు బయటికి వెళ్లడమంటేనే ఇంట్లో వండుకున్నది మూటగట్టుకుని వెళ్లడం. పులిహోర, పెరుగన్నం, సకినాలు, సర్వపిండి తెచ్చుకుని చెట్టు కింద గుండ్రంగా కూర్చుని తింటారు. పక్కనున్న కుటుంబానికి ఇంత పెడతారు, వాళ్ల డబ్బాలోంచి ఇంత తీసుకుంటారు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మను సాగనంపాక ఆడవాళ్లంతా సద్దులు పంచుకుని తినే ఊరు మనది. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు ఎన్నో తరాలుగా చేస్తున్నాం. అసలు సెలవు రోజున పార్కు నిండుగా కనిపించేది ఇలాంటి కుటుంబాల వల్లే. నలుగురి ఇంటికి క్యాంటీన్లో భోజనం పెట్టించాలంటే ఒక హమాలీ సగం రోజు కూలి అక్కడే పోతుంది.

చెత్త పడుతుందని మీరు అంటారు. పడుతుంది, ఒప్పుకుంటాను. అందుకు ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను ఆపండి, 2022 జులై 1 నుంచి దేశమంతటా ఆ నిషేధం ఉంది. మద్యం సీసాలను ఆపండి. స్టీలు డబ్బాను ఎందుకు ఆపుతారు? క్యాంటీన్ నుంచి వచ్చే పేపర్ ప్లేట్లు, చిప్స్ కవర్ల కన్నా స్టీలు డబ్బా వల్ల పడే చెత్త ఎప్పుడూ తక్కువే.

5. నీడ. ఫొటోలో అందంగా కనిపించే చెట్లు నాటారు. ఈత చెట్టులా నిటారుగా పెరిగే అలంకరణ చెట్ల కింద ఒక్క మనిషి కూడా కూర్చోలేడు. మన ఎండలు మీకు తెలియనివి కావు. వేప, కానుగ, రావి, చింత, నేరేడు నాటితే పదేళ్లలో పార్కంతా నీడ పరుచుకుంటుంది. అందం కోసం నాటే కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలను గుజరాత్ ప్రభుత్వం 2023లోనే నిషేధించింది, మనం ఇకనైనా వాటిని మానుకోవాలి. కొత్తగా నాటేటప్పుడు రెండు మూడు ఉసిరి చెట్లు, ఒక జమ్మి, ఓ మూలగా తంగేడు పొదలు కూడా వేయండి. జమ్మి మన రాష్ట్ర వృక్షం, తంగేడు రాష్ట్ర పుష్పం. బతుకమ్మ ముందు తంగేడు పూల కోసం మన పిల్లలు ఊరి బయటి గుట్టలు పట్టుకుని తిరగాల్సి వస్తోంది.

6. ఆడుకునే పిల్లలు, నడవలేని పెద్దలు. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు గదుల అద్దె ఇంట్లో ఆ అరవై నిమిషాలు ఎక్కడ ఆడతారు? గొలుసు తెగిన ఊయల, రేకు లేచిన జారుడుబల్ల చూసి తల్లులే పిల్లల్ని వెనక్కి లాగుతున్నారు. ఆ పిల్లలు ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుంటారు. కాస్త పెద్ద పిల్లలు చెరువు గట్లకు, క్వారీ గుంతలకు ఈతకు పోతారు. సెలవు రోజు మగపిల్లలున్న ఇళ్లల్లో ఆ టెన్షన్ ఎంతో మీకు చెప్పనక్కర్లేదు. ఇక గేటు దగ్గర బైకులు రాకుండా పెట్టిన ఇనుప కడ్డీలు వీల్‌చైర్‌నీ రానివ్వడం లేదు. దివ్యాంగులకు పార్కులు, వినోద స్థలాలు అందుబాటులో ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ ఆ కడ్డీలే అడ్డం.

7. పార్కును అద్దెకివ్వడం. పచ్చికను పండుగ రోజున ప్రైవేటు కార్యక్రమానికి ఇచ్చి, మిగతా జనాన్ని ఒక పక్కకు నెట్టడం మానాలి. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే, అది చెల్లదని 1991లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక్కరోజు అద్దెకు, శాశ్వతంగా రాసివ్వడానికి తేడా ఉంది, నాకు తెలుసు. కానీ ఏడాదిలో ఒక కూలీ కుటుంబానికి దొరికే పండుగ సెలవులు ఎన్నని?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా పార్కు కార్మికుల మీద ఫిర్యాదు కాదు. మాలీకి, ఊడ్చే అమ్మకు, వాచ్‌మన్‌కు కూడా దసరా ఉంటుంది, వాళ్ల పిల్లలూ వాళ్ల కోసం ఎదురుచూస్తారు. తక్కువ జీతానికి, చాలామంది అవుట్‌సోర్సింగ్‌లో పనిచేసేవాళ్లను పండుగ నాడు కూడా లాక్కురమ్మని మేం అడగడం లేదు. ఆసుపత్రి, బస్సు, కరెంటు ఆఫీసు పండుగ రోజు ఎట్లా నడుస్తున్నాయి? వంతులు వేసుకుని నడుస్తున్నాయి. పార్కులో కూడా వంతులు వేయండి. సెలవు రోజు పనిచేసినవాళ్లకు అదనపు కూలి, బదులుగా మరో రోజు సెలవు ఇవ్వండి. సోమవారమో మంగళవారమో మధ్యాహ్నం జనం పలచగా ఉన్నప్పుడు పార్కు మూసి, మరమ్మతులు చేసుకోండి. మిగతా అందరికీ సెలవైన రోజే పార్కుకు అసలు పని దినం. ఈ ఒక్క విషయం డ్యూటీ చార్టు వేసే అధికారి మనసులో ఉంటే, పైన రాసిన వాటిలో సగం ఇబ్బందులు తీరిపోతాయి.

డబ్బు లేదని మాత్రం చెప్పకండి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం పురపాలక బడ్జెట్లో 10 శాతం పచ్చదనానికే కేటాయించాలి. మొక్కలు నాటి ఫొటో దిగడంతో ఆ పది శాతం లెక్క తేలిపోకూడదు, నాటిన చెట్టు కింద మనుషులు కూర్చోగలగాలి. ఇంకొకటి కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అనధికార లేఅవుట్లలో ప్లాట్లు కొన్న మధ్యతరగతివాళ్లు ఎల్ఆర్ఎస్ కోసం, అంటే ఆ లేఅవుట్లను క్రమబద్ధం చేయించుకోవడానికి, పార్కు స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కట్టాల్సి వచ్చింది. లేఅవుట్ వేసినవాడు వదలాల్సిన జాగాకు, కొనుక్కున్నవాడు డబ్బు కట్టాడన్నమాట. మా బంధువుల్లోనే కొందరు అప్పు చేసి కట్టారు. మన నగరంలో అలా ఎంత వసూలైంది, అందులోంచి పార్కు కోసం ఎంత భూమి కొన్నారు, ఎక్కడ కొన్నారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం మీ బాధ్యత.

భూమి సంగతి వచ్చింది కాబట్టి ఒక లెక్క. కేంద్రం 2014లో ఇచ్చిన పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలంటున్నాయి, పార్కులు, ఆటస్థలాలు అన్నీ కలిపి. 2011 జనాభా లెక్కల్లోనే వరంగల్ పట్టణ సముదాయంలో ఏడున్నర లక్షలకు పైగా జనం ఉన్నారు. తక్కువలో తక్కువ 10 చదరపు మీటర్లు వేసుకున్నా 1,850 ఎకరాలు కావాలి. మ్యూజికల్ గార్డెన్ విస్తీర్ణం పదిహేను ఎకరాల దరిదాపుల్లో ఉంటుంది. ఈ లెక్క చూశాక, ఉన్న కాస్త జాగాలో ఒక్క గజం కూడా పోగొట్టుకునే స్థితిలో మనం లేమని అర్థమవుతుంది. 2020 ఆగస్టులో, 2023 జులైలో హనుమకొండ, వరంగల్ కాలనీలు ఎట్లా మునిగాయో అందరం చూశాం. నీరు ఇంకే మట్టి నేల మిగలడం కోసమైనా ఈ ఖాళీ జాగాలను కాపాడుకోవాలి.

మేం అడుగుతున్నవి ఇవి:

1. ఆదివారాలు, ప్రభుత్వ సెలవు దినాల్లో పార్కులు పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా మధ్యలో మూయకుండా తెరిచి ఉండాలి.

2. ఆ రోజుల్లో ప్రతి పార్కులో మరుగుదొడ్లు తెరిచి, నీళ్లతో ఉండాలి. ఆడవాళ్ల వైపు శుభ్రం చేయడానికి ఒక మహిళా కార్మికురాలు డ్యూటీలో ఉండాలి. కార్తీక పౌర్ణమి లోపే ఇది జరగాలి. మిగతా వాటికి టైమ్ పట్టవచ్చు గానీ దీనికి పట్టదు.

3. తాగునీరు ఉచితంగా అందాలి. ఇంటి తిండిని ఆపకూడదు.

4. గేటు దగ్గర బోర్డు పెట్టి, ఆ రోజు డ్యూటీలో ఉన్న బాధ్యుడి హోదా, ఫోన్ నంబరు, టికెట్, పార్కింగ్ ధరలు తెలుగులో రాయాలి. పన్నెండేళ్లలోపు పిల్లలకు, అరవై దాటినవాళ్లకు, దివ్యాంగులకు టికెట్ వద్దు.

5. విరిగిన ఆటవస్తువులను సంక్రాంతి సెలవుల లోపు బాగుచేయాలి. వీల్‌చైర్ పోయేలా ఒక దారి తీయాలి. సాయంత్రం దీపాలన్నీ వెలగాలి, పండుగ రోజుల్లో షీ టీమ్స్ ఒకసారి తిరిగి వెళ్లేలా పోలీసు శాఖతో మాట్లాడాలి.

6. 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి. అందులో మహిళల కమిటీని, వృద్ధుల కమిటీని మూడు నెలలకోసారి పార్కుకు పిలిచి, వాళ్లు చెప్పింది రిజిస్టర్‌లో రాసుకోవాలి.

7. పది శాతం గ్రీన్ బడ్జెట్ ఖర్చు, ఓపెన్ స్పేస్ చార్జీల వసూళ్లు, పార్కులకు కొన్న భూమి వివరాలు అందరికీ తెలిసేలా పెట్టాలి. అలా పెట్టకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తాం. దానికి మీరు 30 రోజుల్లో జవాబివ్వాల్సి ఉంటుంది.

కార్పొరేటర్లకు ఒక విన్నపం. ఓట్లప్పుడు మా వాడకు వచ్చినట్టే, వచ్చే ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మీ డివిజన్‌లోని పార్కుకు ఇంట్లోవాళ్లతో కలిసి వెళ్లండి. ముందుగా చెప్పకుండా వెళ్లండి. మీ ఇంటి ఆడవాళ్లు అక్కడ రెండు గంటలు ఉండగలరో లేదో చూడండి.

ఈ లేఖ చదివే నగరవాసులకు: మీ దగ్గరి పార్కులో సెలవు రోజు తాళం కనిపిస్తే తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీసి ఉంచండి. కార్మికులతో గొడవపడకండి, తాళం వేయమన్నది వాళ్లు కాదు. మీరు తెచ్చిన చెత్తను మీ సంచిలోనే తిరిగి తీసుకెళ్లండి. అలా చేస్తే తిండి డబ్బాను ఆపడానికి ఎవరికీ సాకు దొరకదు.

కార్తీక పౌర్ణమి రోజు మధ్యాహ్నం మా వాడ ఆడవాళ్లం, పిల్లలం కలిసి పార్కుకు వస్తాం. తెరిచి ఉన్నది ఏది, మూసి ఉన్నది ఏది రాసుకుని, ఆ కాగితాన్ని మరుసటి రోజు మీ కార్యాలయంలో, పత్రికల విలేకరులకు ఇస్తాం. ఆలోపు మా పాత అర్జీకి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక దుకాణం ఉద్యోగిని, వరంగల్